ఆవ లెక్క

మైకులో వోయ్‌తెఖ్ చెబుతాడు:
"నేటి ప్రేక్షకులు వెయ్యీ నూట నలభై."
నా ఆవ డబ్బా నవ్వుకుంటుంది.
కాగితం పళ్లెంలో సాసేజీ పక్కన ఒక్కో చుక్క ఆవ పెట్టి
ఇరవై రెండేళ్లుగా ఈ ఊరి భక్తిని తూస్తున్నదాన్ని,
నాకా చెబుతావు?
నాలుగు వందల పన్నెండు.
అందులో ముప్ఫైమంది అవతలి జట్టు బస్సులో దిగినవాళ్లు.
ఇద్దరు పోలీసులు, వాళ్ల కుక్క.
కుక్క ఆవ తినదు.

నా బండి స్టాండు వెనక.
ఇన్నేళ్లలో ఒక్క గోలూ కంటితో చూడలేదు,
చెవితో చూశాను.
బొగ్గు గనులు నడిచే రోజుల్లో
గోలు పడితే పెనం మీద నూనె వణికేది.
రెండో షిఫ్టు వాళ్లు మసి ముఖాలతోనే వచ్చేసేవాళ్లు,
పళ్లూ కళ్లూ మాత్రమే అరుస్తున్నట్టుండేది.
ఇప్పుడు ఎవరు అరిచారో పేరు పెట్టి చెప్పగలను.
ఆ బొంగురు గొంతు రదోవన్‌ది,
ఆ బూతు మందుల షాపు మిలదాది,
ఆ దగ్గు అలోయిస్‌ది.
బంతిని తన్నిన చప్పుడు కూడా వినిపిస్తుంది,
ఖాళీ ఇంట్లో ఎవరో తలుపు వేసినట్టు.

సెప్టెంబరులో ఎండ కాస్తే
ఊరు ఊరంతా బుట్టలు పట్టుకుని
పుట్టగొడుగులకి అడవిలో దూరుతుంది.
ఇంత మంచి ఎండని బెంచీ మీద పాడుచేసుకుంటామా అంటారు.
అక్టోబరులో, ఇంత వానలోనా అంటారు.
నవంబరు పొగమంచులో బంతే కనబడదట.
ఫిబ్రవరిలో హాకీ ఉంది కదా.
మే నెల వస్తే తోట ఇంటి కంచెకి రంగు వెయ్యాలి.
ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్ల గురించి విన్నాను గానీ
ఏ ఎండకీ ఏ వానకీ గడప దాటనివాళ్లని
ఇక్కడే చూశాను.
ఏది వీళ్ల వాతావరణం అని
చాలాకాలం ఆకాశాన్నే తప్పుపట్టాను.

పోయిన వసంతంలో తెలిసింది.
వరసగా ఐదు గెలిచాం.
ఎలా గెలిచామో ఆడినవాళ్లకే తెలియదు.
ఆరోదానికి రాజధాని నుంచి పెద్ద జట్టు.
ఆ రోజు వడగళ్లు పడ్డాయి.
అయినా క్యూ రైలు వంతెన దాకా!
మడత నలగని మఫ్లర్లు,
ధర చీటీ దారం ఇంకా వేలాడుతున్న మెడలు.
పళ్ల డాక్టరు, మేయరు, మేయరు బావమరిది
"చిన్నప్పటి నుంచీ మా జట్టే" అంటూ
స్టాండుకి దారి ఎటని నన్నే అడిగారు.
మా ఆయన బోహుమిల్ కూడా వచ్చాడు,
పదకొండేళ్లుగా పబ్బు టీవీలో
స్పెయిన్ ఆటలే చూస్తున్న మనిషి.
"జరుగు, నేను తిప్పుతా" అన్నాడు.
మాడ్చాడు కూడా.

విరామానికి ముందే సరుకు అయిపోయింది.
ఖాళీ పెనం ముందుకి అలోయిస్ వచ్చాడు.
"నా సీట్లో ఎవరో కూర్చున్నారు."
ఫిర్యాదులా కాదు,
ఇంటికి చుట్టాలు దిగారని చెప్పినట్టు.
మెట్ల పక్కన నిలబడ్డాడట,
అక్కణ్ణుంచి ఒక గోలుస్తంభమే కనబడుతుందట.
"మనదేనా అది?"
"కాదు, వాళ్లది. దాని దగ్గరికి ఇంతవరకూ ఎవరూ రాలేదు."
రొట్టె ముక్క మీద ఆవ రాసిచ్చాను.
ఇది లెక్కలో రాయనన్నాను.

మూడు సున్నాతో ఓడాం.
చివరి విజిలు నేను వినలేదు,
కార్లు స్టార్టయిన చప్పుడులో కలిసిపోయింది.

నిన్న మళ్లీ శనివారం, సన్నటి జల్లు.
వోయ్‌తెఖ్ ఎనిమిది వందలన్నాడు.
పోనీలే, వాడికీ ఒక పరువుంది.
అలోయిస్ సీటు తుడుచుకోవడానికి నా పేపరు అడిగాడు.
ఆటల పేజీ తీసి నాకే ఇచ్చేసి
వాతావరణం పేజీ పట్టుకెళ్లాడు.

ఎనభై ఎనిమిదో నిమిషంలో
ఒక దగ్గు మధ్యలో ఆగిపోయింది.
పెనం మీద నూనె కదల్లేదు గానీ
నేను గరిటె పైకెత్తి పట్టుకుని
అలాగే నిలబడ్డాను.