కుంటల లేని నీళ్ళు

మార్చి రిజిస్టరుల నేనే రాసిన:
ఇందు, రెండేండ్ల మూడు నెలలు,
పోయిన నెల మీద నాలుగు వందల గ్రాములు ఎక్కువ.
పక్కన ఆకుపచ్చ టిక్కు.

ఆ దినం మూడు ఊర్లు తిరిగిన.
మద్దూరు రోడ్డు మీద ట్యాంకరుకు అడ్డంగ బిందెలు,
బండి అక్కడనే ఆపి నడిచిన.
నలభై ఒక్క పిల్లలను తూచిన.
ముప్ఫైమంది తగ్గిన్రు,
పదిమంది ఎక్కడోళ్ళక్కడనే,
ఒక్క పిల్ల పెరిగింది.
కరువుల పెరిగినదాన్ని
ఎందుకు పెరిగినవని ఎవరడుగుతరు?

మొగులమ్మ అడిగింది.
అంగన్‌వాడీ ఆయమ్మ. పేరుల మొగులుంది గని
రెండేండ్ల సంది ఆమె రేకులింటి మీద
గట్టి వాన చప్పుడు లేదు.
"మేడమ్, గీ పిల్ల నవ్వుత లేదు.
నవ్వని పిల్ల ఎట్ల బలుస్తది?"
నేను కాటా ముల్లు చూపించిన.
ఆమె ఇంకేమనలే.
పప్పుగిన్నె తొలిచిన చారెడు నీళ్ళు
మునగచెట్టు మొదట్ల పోసి లోపలికి పోయింది.

ఏప్రిల్ల మళ్ళ పోయేసరికి
తండా సగం తాళాలు.
మేస్త్రి లారీ ఒకటి పుణెకు పోయింది,
బేస్తారం ఇంకొకటి పోతదట.
లలిత మూట కడుతున్నది.
మంచంల ఇందు: చెంపలు ఉబ్బి, కండ్లు సన్నగై,
జుట్టు ఎండిన జొన్నపీచు రంగుల.
"ఒళ్ళు మంచిగనే చేసింది గద మేడమ్?"

పాదం మీద బొటనవేలు ఆనిచ్చి లెక్కపెట్టిన
నూటొకటి, నూటరెండు, నూటమూడు.
వేలు తీసిన.
గుంట అట్లనే ఉంది.

ఊరి కుంట నెర్రెలు బాసింది.
ఎనిమిది వందల ఫీట్లు దించిన బోరు
తెల్లటి దుమ్ము కక్కింది.
తండా మొత్తంల నీళ్ళు నిలిచిన జాగ
ఆ రెండు చిన్న పాదాలు.
మార్చిల నేను తూచింది, రాసింది,
మెచ్చుకున్నది
ఆ నీళ్ళను.

"అడ్వాన్సు తిన్నం, ఎవరు కట్టాలె?" అన్నది అత్త హస్లి.
నా దగ్గర జవాబు లేదు, జీపు ఉంది.

పాలమూరు పెద్దదవాఖాన.
రెండు గంటలకోసారి కొలిచిన పాలు,
అర్ధరాత్రి కూడ.
"గిన్నేనా? కడుపు నిండ పొయ్యున్రి!"
ఒక్కసారే పోస్తే గుండె తట్టుకోదు.
నిజమే గని
నెలల ఆకలి చూసిన తల్లికి ఆ మాట
పిసినారి మాట లెక్క ఇనిపిస్తది.

మొదటి దినం ఎనిమిది కిలోల రెండు వందలు.
నాలుగో దినం ఏడున్నర.
ఆరో దినం ఏడు.
లలిత చీటీ చదువలేదు గని ముల్లు చదువుతది.
"నా పిల్లను కరగవెడుతున్నరు మీరు"
అని చంకలేసుకొని గేటు దాక పోయింది.
నేను ఉరికిన. చెప్పులు వార్డులనే ఉండిపోయినయి,
గచ్చు కాలుతున్నది.
మాటలు రాలే నాకు. ఆమె వేలు పట్టి
పిల్ల పాదం మీద పెట్టిన.
ఆమెనే లెక్కపెట్టింది, లంబాడీల,
మెల్లగ, మూడు దాక.
వేలు తీసింది.
గుంట లేదు.
ఇంకో పాదం కూడ నొక్కి చూసుకున్నది,
నన్ను నమ్మకుంట.

ఎనిమిదో దినం పొద్దున
ఇందు పాలగిన్నె ఇసిరి కొట్టింది.
గోడ మీద, నా చీర మీద, ఆయమ్మ మొకం మీద పాలు.
ఆయమ్మ తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను.
కేసు షీటుల రాసిన: కోపం వచ్చింది.

సాయంత్రం మొగులమ్మ ఫోన్ చేసింది.
"నవ్విందా?"
"లేదు. గిన్నె ఇసిరింది."
"ఆఁ. మొదలు గదే వస్తది."

మార్చి టిక్కు కొట్టెయ్యలే.
పక్కన ఎర్రసిరతో రాసిన: పాదం చూడలే.
కింద ఇంకా ముప్ఫై పేర్లున్నయి.
బేస్తారం లారీల అండ్ల ఎంతమంది పోయిన్రో
రాద్దామంటే
ఈ రిజిస్టరుల ఆ గడి లేదు.