నూట ఇరవై గంటలు

వాసంతి ఫోన్లో చెప్పింది ఒక్కటే:
"దానికి పక్క సీట్లో కూర్చునే మనిషి కావాలి.
నాకు ఆస్పత్రిలో నైట్ షిఫ్టులు.
నువ్వేం మాట్లాడక్కర్లేదు, లైసెన్సుంటే చాలు."

అలా పదకొండేళ్ళ తర్వాత
నేనొక లైసెన్సునై బాలరాట్ వచ్చాను.

శనివారం పొద్దున.
వెండూరీ చెరువు మీద మంచు ఇంకా లేవలేదు.
గట్టు మీది నల్లహంసలు
అద్దె బాకీపడ్డవాణ్ణి చూసినట్టు చూశాయి నన్ను.

శర్వాణి వచ్చి
పసుపుపచ్చ ఎల్ పలకని అద్దానికి అంటించి
నా చేతిలో ఒక పుస్తకం పెట్టింది.
తేదీ. బయల్దేరిన వేళ. చేరిన వేళ.
రోడ్డు తడా, పొడా. వెలుగా, చీకటా.
చివరి గడిలో, పక్కన ఉన్నవారి సంతకం.

పక్కన ఉన్నవారు.
ఆ గడి చాలా చిన్నది. నా పేరు పట్టలేదు.

నాన్నా అనలేదు. పేరు పెట్టీ పిలవలేదు.
"ఇప్పుడు ఎడమకా?" అంటుంది, అంతే.
వాళ్ళమ్మ నేర్పిన తెనాలి తెలుగే,
ఒక్కో అచ్చు మాత్రం ఆస్ట్రేలియాలో సాగి వస్తుంది.

స్టర్ట్ స్ట్రీట్‌లో పాల ట్యాంకరు అడ్డమొస్తే
నా కాలు నేలని తొక్కేసింది.
రోడ్డు మీంచి చూపు తియ్యకుండా
"అటువైపు బ్రేకు లేదు" అంది తను.

లేదు.
కాలు మాత్రం మూడు నెలలదాకా మానలేదు.

"అద్దాన్నే నమ్మకు, తల తిప్పి చూడు,
అద్దంలో పడని చోటొకటి ఉంటుంది"
అన్నానొకసారి. అన్నాక చెవులు వేడెక్కాయి.
తను తల తిప్పింది,
నా మీదుగా, నన్ను దాటి,
ఖాళీ లేన్ వైపు.

ముప్పై ఆరో గంటలో అడిగింది.
బయట వాన. బనిన్యాంగ్ రౌండబౌట్ ముందు.
"ఫోనెందుకు చెయ్యలేదు?"

పోర్ట్ హెడ్లాండ్, ఇనుప దుమ్ము,
పన్నెండు గంటల షిఫ్టు, సిగ్నల్ దొరకని చోటు...
ఈ జవాబుని ఏళ్ళ తరబడి నోట్లో నానబెట్టుకున్నాను.
సిగ్నల్ దొరికేది.
మెస్ వెనక నీళ్ళ ట్యాంకు పక్కన మూడు గీతలు.
అక్కడ నిలబడి క్రికెట్ స్కోరు చూసుకునేవాణ్ణి.

"మొదటేడు సిగ్గు. తర్వాతేమో..."
"ఆగు. కుడివైపు నుంచి కారొస్తోంది."
దారిచ్చింది.
నా వాక్యం ఆ రౌండబౌట్‌లో ఇంకా తిరుగుతూనే ఉంది.

రాత్రి గంటలు ఇరవై ఉండాలట.
చీకట్లో మొహాలు చూసుకునే పనిలేదు, కొంత నయం.
క్రెసిక్ దారిలో లైట్ల అంచున కంగారూ నిలబడితే
మెత్తగా ఆపింది. అది కదిలేదాకా చూస్తూ,
"తొమ్మిదేళ్ళప్పుడు స్కూల్ నాటకంలో పెలికన్ వేశాను.
అట్టముక్కు. సగంలో ఊడిపోయింది."
"మరి?"
"చేత్తో పట్టుకుని ఆడాను, చివరిదాకా."
కంగారూ వెళ్ళిపోయింది.
మేం ఇంకాసేపు కదల్లేదు.

రాజీ అని మాత్రం అనను.
పుట్టినరోజుకి తెచ్చిన జూకాలు
గ్లవ్ బాక్సులో అలాగే ఉన్నాయి.
నా ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించిన చెవులే,
పూడుకుపోయాయట ఎప్పుడో.

ఇవాళ ఏవోకా దాకా వెళ్ళొచ్చాం.
పదింటికి కదిలి, పన్నెండూ పదికి చెరువు దగ్గర ఆగాం.
పుస్తకంలో తను రాసింది: ఒక గంటా నలభై.

వెనక పేజీలు తిప్పాను.
పోయిన వారం ఇరవై నిమిషాలు తక్కువ.
అంతకుముందు వారం పావుగంట.
లెక్కల్లో తనకి తొంభై తగ్గవని
వాసంతి చెప్పింది మరి.

మొత్తం నూట ఎనిమిది.
తను కిటికీలోంచి హంసల్ని చూస్తోంది,
మహా శ్రద్ధగా చూస్తోంది.

కలం మొరాయించింది. అరచేతి మీద గీకి
ఆ చిన్న గడిలో
పేరంతా పట్టేలా రాశాను.

"వచ్చే శనివారం వానట" అన్నాను.
"తడి రోడ్డు గంటలు ఇంకా కావాలి" అంది.