ఉప్పు లేని దేశం

కంప్రెసరు చెడి బండి నిలబడింది నాలుగు రోజులు.
బోరుబండి మీద పైపులు మోసేవానికి
సెలవంటే అదే.
అప్పలకొండ ఎన్నాళ్లనుంచో పిలుస్తున్నాడు,
"ఒకసారి మా దేశం వచ్చీ, మద్దిలేటీ" అని.
నందికొట్కూరు సంతలో చేపల తట్ట దగ్గర పరిచయం.
వాని దేశం కృష్ణకు అవతల,
మరబోటులో ముప్పావుగంట.

సంచిలో రెండు కిలోల బుడ్డలు, పొట్లం ఎర్రకారం.
దస్తగిరి బోటు.
మనిషికి నలభై, మోటారుసైకిలుకు అరవై,
మేకకైతే మాట్లాడుకోవాల.
నాతోపాటు ఎక్కినవి మూడు మేకలు, ఒక కుట్టుమిషను,
వాంతి చేసుకుంటానని ముందే చెప్పిన ఒక పిల్లోడు.

అంచు పట్టుకొని కూర్చున్నా.
ఏడువందల అడుగుల కింద నీళ్లుంటే
ఎట్లుంటుందో నాకు తెలుసు:
మొదట దుమ్ము, పిండిమరలో లాగా తెల్లగా,
తర్వాత తడిసిన దుమ్ము,
ఆ తర్వాత రైతు మొహం.
నీళ్లు పైనే, చేతికందేటట్టు, ఇన్ని ఉంటే
ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు.
చెయ్యి ముంచి తీసుకున్నా,
దొంగతనం చేసినట్టు.

"ఈడ మోటారు ఎత్తాల" అన్నాడు దస్తగిరి,
"కింద చింతచెట్టుంది."
కాసేపటికి, "ఇది కల్లం."
ఇంకాసేపటికి, "బడి."
నీళ్ల మీద ఒక్క గుర్తూ లేదు.
ఎండాకాలం చూసి పెట్టుకున్నదంతా
వానాకాలం ఒప్పజెబుతున్నాడు.
మా అవ్వ చేను ఏదని అడుగుదామనుకొని
అడగలేదు.
గట్టు తగాదాకు పదకొండేండ్లు
కర్నూలు కోర్టుకు తిరిగిన చేను అది.
దాని మీదుగా మేకలు నిలబడి పోతున్నాయి,
ఎవరి గట్టూ తొక్కకుండా.

అప్పలకొండ దేశం: ఇరవైరెండు నీలం పట్టలు,
తుమ్మకంపల మీద ఆరేసిన వలలు,
తడి కట్టెల పొగ,
పసుపు పూసిన ఒక రాయి.
ఆ కొస నుంచి ఈ కొసకు పది నిమిషాల నడక.
సముద్రంలో చేప తగ్గిపోయి
పడవల్ని లారీలకెత్తుకొని కొండలెక్కి వచ్చినోళ్లు.
"పడవ లారీ ఎక్కిన రోజు
మా అయ్య కూడు తిన్లేదు" అన్నాడు.
గాలికి ఏడు పేర్లు చెప్పాడు.
మాకు రెండే:
వాన తెచ్చేది, తేనిది.

మసేనమ్మ పులుసు పోస్తూ ఇంకో చిటికెడు ఉప్పేసింది.
"సప్పిడి నీళ్ల చేప బాబూ.
మా కాడైతే ఉప్పు దానికే ఎక్కీసుంటాది.
ఉప్పు లేని నీళ్లూ నీళ్లేనేటి?"

నాకు నవ్వొచ్చింది.
మా ఊళ్లో సంగతి చెప్పినా.
పుస్తెలు కుదవపెట్టి ఎనిమిదివందల అడుగులు దింపితే
పైకి ఎగజిమ్మిన నీళ్లు దోసిలి పట్టి,
నోట్లో పోసుకొని,
ఉమ్మేస్తాడు రైతు.
ఎద్దు కూడా మూతి తిప్పుకుంటుంది.

ఆమె గరిటె ఆగింది.
"అయితే సముద్రం మీ ఊరి కింద ఉన్నాదేటి?"

వాళ్ల పాప ఈ గట్టునే పుట్టింది.
ఎనిమిదేండ్లు, ముందు పళ్లు రెండు లేవు.
"మామా, సముద్రం ఎంతుంటాది?"
అప్పలకొండ వైపు చూసినా.
వల కన్నులు వేలితో కొలుస్తూ తల ఎత్తలేదు.
"ఆరున్నర అంగుళాలు" అన్నా.
ఆ పిల్ల రెండు చేతులూ గుండ్రంగా కలిపి
అందులోంచి నన్ను చూసింది.
నమ్మింది.

ఐదు గంటల బోటుకు తిరుగుముఖం.
సంచిలో బుడ్డలున్న చోట ఎండుచేపలు.
బస్సులో కండక్టరు ముక్కు మూసుకొని
యాడ ఎక్కినావన్నాడు.
"దేశం చూసొస్తున్నా" అన్నా.
టికెట్టు వెనక మూడు రూపాయల బాకీ రాసిచ్చి
ముందుకు పోయినాడు.