కుట్టకూడని చోటు

బెండిగోలో జూన్ నెల, ఆదివారం, ఇంకా తెల్లారలేదు.
గడ్డి మీద మంచు, అడుగు వేస్తే పటపటమంటోంది.
కోళ్లగూటి తలుపు బార్లా తీసి ఉంది.
రాత్రి గడియ పెట్టాల్సింది నేనే.
సుమేధగారి జాకెట్టుకి నాలుగు హుక్కులు మిగిలాయి,
అవి కుట్టేసి వెళ్దామనుకున్నాను.
వెళ్లలేదు.

నక్క ఒకదాన్ని పట్టుకుపోయింది.
కంచె కింద గుప్పెడు తెల్ల ఈకలు,
రసీదు ఇచ్చినట్టు.
ఒకటి షెడ్డు కప్పెక్కి కూర్చుంది, కిక్కురుమనదు.
మూడోది టోస్టు.
(సరిగ్గా కాలిన రొట్టె రంగని మా ఇందుజ పెట్టిన పేరు.)
వాననీళ్ల ట్యాంకు వెనక
గోడకేసి మొహం పెట్టి నిలబడి ఉంది,
తప్పు తనదైనట్టు.

తువ్వాలు కప్పి ఎత్తుకున్నాను.
ఇంత తేలికా కోడంటే!
ఇన్నాళ్లూ నేను చూసిందంతా బొచ్చే.

లాండ్రీ తొట్టి. కాచి చల్లార్చిన నీళ్లు,
లీటరుకి చెంచాన్నర ఉప్పు.
గోవర్ధన్ టార్చి పట్టుకున్నాడు గానీ
చూపు మాత్రం వాషింగ్ మెషీన్ మీద.
నా గుడ్డల కత్తెర ఎవర్నీ ముట్టనివ్వను,
కాగితం కోశాడని ఈయన్ని వారం రోజులు సాధించాను.
దాంతోనే
నెత్తురంటి అట్టలు కట్టిన బొచ్చు
మెల్లగా కత్తిరించాను.

వీపు మీద నాలుగు చిల్లులు.
తోక పక్కన అరచేతంత తోలు లేచి
చిరిగిన జేబులా వేలాడుతోంది.

చెయ్యి దానంతటదే సూదుల డబ్బా వైపు పోయింది.
సన్న సూది, పట్టు దారం, అయిదారు కుట్లు.
ఇంతకన్నా దారుణమైన చిరుగులు
పెళ్లి గంటలో ఉందనగా అతికించి పంపాను.

"కుట్టకు."
గుమ్మంలో డోరీన్, పక్కింటావిడ,
నైటీ మీద కోటు, కాళ్లకి గమ్ బూట్లు.
ఒకప్పుడు గొర్రెల షెడ్లలో వంట చేసేదట.
"నక్క నోరు పాడుది. పైన మూస్తే అడుగున కుళ్లుతుంది.
తెరిచి ఉంచు. కింది నుంచి అదే పూడుతుంది."

ఇరవై రెండేళ్లుగా
తెరుచుకున్నదాన్ని మూసే నేను తిండి తిన్నాను.
డబ్బా మూత పెట్టడానికి
చాలాసేపు పట్టింది.

సోమవారం డాక్టరు మందు చుక్కలిచ్చాడు.
కోడి ఖరీదుకి ఎనిమిదింతలు బిల్లు.
గోవర్ధన్ ఏమీ అనలేదు. అననిదంతా వినపడింది.

కుట్టు మిషను పక్కన అరటిపళ్ల అట్టపెట్టె,
వేన్నీళ్ల సీసా మీద పాత దుప్పటి ముక్క.
పూటకోసారి ఉప్పునీళ్లు, ఆపైన పలచగా మందు తేనె.
నేను పెడల్ తొక్కితే ఒక కన్ను తెరిచేది,
ఆపితే మూసేది.
మెతుకు ముట్టలేదు. పెరుగులో ముక్కు ముంచి విదిలించింది,
నా మొహం మీదే.

మూడో రోజు మధ్యాహ్నం
లంగా నుంచి రాలిన చెమ్కీ ఒకటి
టక్కున పొడిచింది.
అదిలించబోయి
నోట్లోంచి చెమ్కీ లాగి
అక్కడే కూలబడి ఏడ్చాను.
దానికి ఆకలేసింది!

గాయం మాత్రం డోరీన్ చెప్పినట్టే,
అడుగు నుంచి, ఎవరి సాయం అడక్కుండా,
రోజుకో గింజంత ఎర్రగా పైకొచ్చింది.
ఐదో వారానికి బోడి తోలు మీద
నీలిరంగు ముళ్లు.
ఈకలట అవి, ఇంకా విప్పుకోలేదట.

తిరిగి గూట్లోకి వదిలితే
కప్పెక్కి బతికినది దీన్ని గుర్తుపట్టలేదు, రెండు పోట్లు పొడిచింది.
గుడ్డు సంగతి ఎవరం ఎత్తడం లేదు.

గడియ ఎవరు మరిచారని ఇందుజ ఇంతవరకూ అడగలేదు.
అడిగితే బావుండును.
రాత్రి వేసొచ్చి, పడుకుని, లేచి,
టార్చి పట్టుకుని మళ్లీ వెళ్తాను.
వేసే ఉంటుంది.

సుమేధగారు ఫోన్ చేశారు నిన్న.
జాకెట్టు అమిరిందట.
హుక్కులు మాత్రం
భలే గట్టిగా ఉన్నాయట.