నాలుగో గీత

మా ఇల్లు పదకొండు రోజులు
దయ్యానికి అద్దెకిచ్చాం.

బాలరాట్‌లో జూన్ నెల.
మధ్యాహ్నం మూడింటికే వీధి చివరి నుంచి
మంచు నడిచొచ్చే కాలం.
లొకేషన్లు వెతికే కుర్రాడు గుమ్మంలో నిలబడి
"మాక్కావలసిన వెలుతురు ఇదే" అన్నాడు.
కథేమిటని సుధీంద్ర అడిగాడు.
బిడ్డ పోయిన ఇల్లు. బిడ్డ తిరిగొచ్చే ఇల్లు.
మేం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.
సంతకం నేనే పెట్టాను.

హైవే పక్కన మోటెల్లో గది ఇచ్చారు మాకు.
రెండో రోజుకే ఉండలేక
మందుబిళ్ళలు మర్చిపోయానని అబద్ధమాడి వచ్చాను.
నా పోపులడబ్బా చోట ఎవరిదో కెటిల్.
కుర్చీలో నా స్వెట్టర్ లాంటి స్వెట్టర్,
దాన్లో ఎవరో ఆవిడ, ఏడుస్తోంది.
ఎంత బాగా ఏడ్చిందో!
కట్ అనగానే ముక్కు తుడుచుకుని
శాండ్‌విచ్‌లో దోసకాయ వద్దంది.

ఆ రోజు ఆసుపత్రిలో నేను ఏడవనేలేదు.
పార్కింగ్ టికెట్ టైమైపోతోందని
నర్సుకి రెండుసార్లు చెప్పానట.
నాకు కట్ చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

వాళ్ళ దయ్యానికి ఎంత పనో!
బీరువా తలుపులు బాదాలి, కుళాయి తిప్పాలి,
నడవాలో బంతి దొర్లించాలి.
చేపల గాలం దారం పట్టుకుని ఒకబ్బాయి
బబుల్‌గమ్ నములుతూ ఉయ్యాల కుర్చీ ఊపుతున్నాడు.
రెండేళ్ళుగా మా ఇంట్లో
ఏ తలుపూ తనంతట తాను కదల్లేదు.
ఎన్ని రాత్రులు చెవులు రిక్కించి పడుకున్నానని!
పైకప్పు మీద చప్పుడైతే లేచి కూచునేదాన్ని.
పాసమ్.
ప్రతిసారీ పాసమే.

వంటింటి ద్వారబంధానికి పెన్సిలు గీతలున్నాయి.
మేఖలకి రెండేళ్ళప్పుడు, మూడు, నాలుగు, నాలుగున్నర.
ఆ అర ఎందుకంటే
పుట్టినరోజు దాకా ఆగనంది.
మునివేళ్ళ మీద లేచి మోసం కూడా చేసింది.

కళా విభాగంలో బ్రోన్విన్ వాటిని తాకకుండా
ముందు నన్ను అడిగింది.
అడిగిన మనిషి ఆమె ఒక్కతే.
"పైన ఇంకొన్ని గీసుకోవచ్చా?
కథలో పాప, పోయాక కూడా పెరుగుతుంటుంది.
భయం అక్కడే పుడుతుంది."
గీసుకోమన్నాను.
అదా భయం? అనుకుంటూ
మోటెల్ దాకా నడిచాను.

లారీలు వెళ్ళిపోయాయి.
గోడలకి మళ్ళీ మా రంగే వేశారు.
పోపులడబ్బా దాని చోట అదే ఉంది,
లోపల ఆవాల్లోకి జీలకర్ర ఒలికి.
వాళ్ళ గీతలు చెరిపేశారు,
ఒకటి తప్ప.

ఫోన్ చేస్తే బ్రోన్విన్ కాగితాలు తిరగేసింది.
"మేం గీసినవి మూడు. చెరిపినవీ మూడే. ఫొటోలున్నాయి."
కాసేపాగి, ఏమైనా పాడు చేశామా అంది.
లేదన్నాను.

నాలుగున్నర గీతకి
జానెడుకి ఒక వేలు తక్కువ ఎత్తులో ఉంది.
ఆరున్నరేళ్ళ పిల్ల అంత ఉంటుందేమో.
మొద్దు పెన్సిలు. కాస్త వంకర,
మునివేళ్ళ మీద ఎవరో తూలినట్టు.

సుధీంద్ర చూశాడని నాకు తెలుసు.
పొద్దున్నే కాఫీ కప్పుతో అక్కడ ఆగి
భుజం తగలకుండా ఒరిగి వెళతాడు.
గీసింది నేనే అనుకుంటున్నాడేమో.
అడగడు.

సినిమా విడుదలైంది. మెల్బోర్న్‌లో జనం
సీట్లలోంచి లేచి కేకలు పెట్టారట.
మేం వెళ్ళలేదు.

రాత్రిళ్ళు మంచు కిటికీకి ఆనుకుని ఉంటుంది.
పాసమ్ పరిగెడుతుంది.
మెలకువగానే ఉండి
ఒకరికొకరం నిద్ర నటిస్తాం.
ఒక్క మాట అడిగితే తేలిపోతుంది.
"నేనే గీశాను" అంటాడేమోనని
నాకు భయం.