అచ్చు గుద్దినట్టు

రెండూ అచ్చు గుద్దినట్టే ఉన్నాయంటుంది డోర్కస్,
నలభై ఏళ్లుగా అదే మాట,
ట్రేల మీద దుమ్ము దులుపుతూ.
అచ్చులు చెక్కి బతికినవాణ్ణి నేను.
అచ్చు గుద్దినట్టు
ఏదీ ఉండదు.

బర్మింగ్‌హామ్‌లో, కాలువ పక్క సందులో,
కోటు బొత్తాలకీ, బ్యాండువాళ్ల బిళ్లలకీ,
శవపేటికల పిడులకీ
ఉక్కు దిమ్మె మీద లోకాన్ని తిరగేసి చెక్కాను.
ఇంటికొచ్చాక కూడా
క్యాలెండరు కుడి నుంచి చదివేవాణ్ణి.

నావి విక్టోరియా రాణి కంచు పెన్నీలు,
కొప్పు ముడి రాణివి.
మామూలు మనిషికి ఏడాదికొకటి చాలు.
నాకు చాలదు.
కిరీటం దండలో ఆకులు పదిహేనా పదహారా,
సముద్రం గీత అంచుని తాకిందా, తాకబోయి ఆగిందా,
ఆరు అంకె పొట్టలో ఇంకో ఆరు పడుకుందా.
వానపడే శనివారాలన్నీ
ఈ లెక్కలకే పోయాయి.

ఆకుపచ్చ బనాతు పరిచిన ట్రేలు మూడు,
గుంటలు నూట పద్దెనిమిది.
నూట పదిహేడు నిండాయి.
మిగిలింది ఊడిన పన్ను చోటు.
నాలుక ఊరుకోదు.

స్టాఫర్డ్ సంతలో బిస్కట్ డబ్బాలు బోర్లించాను.
లడ్లో వేలంలో చెయ్యెత్తడం ఒక్క క్షణం ఆలస్యమైంది.
ఒక పాస్టర్ గారింట్లో
భోజనాల బల్ల కాలు కింద ఎత్తుకి పెన్నీ పెట్టారని తెలిసి
మోకాళ్ల మీద వంగి భూతద్దం తీస్తే
ప్రార్థనే అనుకుని ఆయన తలవంచాడు.
కాదనలేకపోయాను.

ఒకసారి చేతిలో డబ్బుంది, పెన్నీ లేదు.
ఒకసారి పెన్నీ ఎదురుగా ఉంది, ఇంట్లో బాయిలర్ పగిలింది.
ఆ చలికాలం ఇల్లంతా వెచ్చగానే ఉంది,
నేను తప్ప.

ష్రూస్‌బరీలో ఐవర్ బెబ్ దగ్గరుండేది అది.
ఇరవై ఆరేళ్లు అడిగాను.
"నేను పోయాక" అనేవాడు, టీ పోస్తూ.
ఒకడి చావుకోసం కాచుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో
చెప్పను.
ప్రతి క్రిస్మస్‌కీ ఆరోగ్యం ఎలా ఉందని రాసేవాణ్ణి.
మనస్ఫూర్తిగానే,
సగం.

మార్చిలో పోయాడు.
వాళ్ల చెల్లెలు గ్వెన్‌లియన్ కవర్లో పెట్టి పంపింది,
ధర మాటెత్తలేదు.

ఆ రాత్రి దీపం వంచి చూశాను.
సంవత్సరం చివరి అంకె
వెంట్రుకవాసి కుడికి జారింది.
జారింది అంకె కాదు, చెయ్యి.
గ్యాస్ దీపం ముందు ఎవడికో దగ్గొచ్చిందో,
ఫోర్‌మన్ వెనకనుంచి కేకేశాడో.
నాకు తెలుసు ఆ జారడం.
నా పదిహేడో ఏట సుత్తి రెండుసార్లు పడి
బ్యాండు బిళ్ల మీది సింహానికి రెండు తోకలొచ్చాయి.
వారం కూలిలో సగం కోశారు.

ముఖం రాణిది, పేరు రాణిది,
పెన్నీ మీద వాడిదంటూ ఉన్నది
తప్పొక్కటే.
దాన్నే ఇన్నేళ్లూ బనాతులో పెట్టి తుడుస్తున్నాను.

ఇంకా చూశాను.
ఓడ తెరచాప మీంచి అంచుదాకా
సన్నగా పగులు.
నా పట్టికలో ఉన్నదానికి పగులు లేదు,
పైగా దాని అంకె ఇంత జరగనూ లేదు.
గుండె ఒక మెట్టు దిగింది.

కవరు దులిపితే గుండ్రటి చీటీ పడింది,
ఐవర్ చేతిరాత, చీమల బారు:
"క్లెమ్, ఇది అది కాదు. ఎవరూ చూడని ఇంకో అచ్చు.
పదేళ్లుగా తెలుసు.
చెబితే నువ్వు రావు కదా."

డోర్కస్ మెట్లమీంచి అడిగింది, అయిపోయిందా అని.
పాత గుంట పాతగానే ఉంది.
దీనికి కొత్తది కావాలి.
లేదన్నాను.
నా గొంతులో ఏం వినిపించిందో,
కిందికొచ్చి రెండో కప్పు పెట్టింది.

పొద్దున్నే వడ్రంగికి ఫోన్ చేశాను.
ఒక్క గుంటకి ట్రే చెయ్యడట.
తక్కువలో తక్కువ
నలభై.