అతుకు

ప్రార్థనలో ఒక మాట దగ్గర
నా నోరు ఆగిపోతుంది.
రొట్టె దాకా అందరితోపాటే నడుస్తాను.
ఆ తర్వాత అప్పులవాళ్ల సంగతి వస్తుంది.
వాళ్లు ముందుకెళ్లిపోతారు.
చెప్పు తెగినదానిలా నేను వెనకబడి
శోధన దగ్గర మళ్లీ వాళ్లని కలుసుకుంటాను.
పదహారేళ్లుగా ఇంతే.
ఉపదేశి ఒబోల్‌కి తెలుసు. ఏమీ అనడు.

ఆ గురువారం కిట్గుం సంతకి
నువ్వుల బస్తా వేసుకుని పోతున్నాను.
వంతెన దాటగానే సైకిలు వెనక చక్రం కూలబడింది.
ఎర్రమట్టి దారి. నడినెత్తిన ఎండ.
ఆ దారి మొత్తానికి పంక్చర్లు వేసేది ఒక్కడే.
షియా చెట్టు నీడ, విరిగిన కుర్చీ, నీళ్ల బేసిను,
ఒర్యెమ్.

ఆ పేరు పలకాలంటే
ముందు ఉమ్మి మింగాలి నేను.
ఆ రాత్రి మా వాకిట్లోకి వచ్చినవాళ్లలో
అందరికంటే చిన్నవాడు వాడు.
తుపాకీ వాడి కంటే పొడుగు.
వాణ్ణీ ఏదో వాకిట్లోంచే ఎత్తుకెళ్లారని
తర్వాత అందరూ చెప్పారు.
చెప్పారు. విన్నాను.
కానీ నా కొమకెచ్ చేతులు వెనక్కి విరిచి
తాడు ముడి వేసినవి ఆ వేళ్లే.
"అమ్మా, నొప్పి" అన్నాడు బిడ్డ.
అదే ఆఖరు.
దేవుడా, అంత చిన్న మాట.

బస్తా దించాడు. తలెత్తలేదు.
ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి,
బేసినులో ముంచుతూ కొంచెం కొంచెంగా తిప్పాడు.
చిల్లు కంటికి ఆనదు,
నీళ్లలో మునిగితేనే నోరు విప్పుతుంది.
బుడబుడ.
సన్నగా, ఆగకుండా.
నాలోంచి ఇన్నేళ్లుగా పోతున్నది కూడా
ఇంత సన్నగానే కాబోలు.
ఉప్పుకాగితంతో గీకాడు.
గీకితేగాని అతుకు పట్టదట.
జిగురు రాసి ఊదుతూ కూర్చున్నాడు.
తొందరపడితే ఊడిపోతుందమ్మా, అన్నాడు.
అమ్మా అన్నాడు.

ఆ వేళ్ల వైపే చూస్తున్నాను.
బొటనవేలి గోరు నల్లబడి ఉంది.
వణుకుతున్నాయి.
వీడికి తెలుసు నేనెవరో.
బస్తా దించకముందే తెలుసు.

ఎంత, అన్నాను.
వద్దు, అన్నాడు.
అప్పుడొచ్చింది కోపం,
అన్నాళ్లూ ఎక్కడ పడుకుందో ఏమో.
ఒక్క పంక్చరుతో కొట్టేసుకుందామనుకున్నావా లెక్క?
నా కొడుకు ఖరీదు ఇంతేనా?
సంతకు పోయేవాళ్లంతా ఇటు తిరిగారు.
జిగురు చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని
అది తీరేది కాదమ్మా, అన్నాడు,
ఈ చెట్టు కింద నూరేళ్లు కూర్చున్నా తీరదు.

తీరదు.
నిజమే.
తీరే బాకీ అయితే
వదిలెయ్యమని ఆయన అడిగేవాడే కాదు,
వసూలు చేసుకోమనేవాడు.
మేకులు దిగిన చేతులతో
ఆయన కొట్టేసిన పద్దుల్లో నాదీ ఒకటుంది.
ఏమిటో చెప్పను.
అది నాకూ ఆయనకీ మధ్య.

వెయ్యి షిల్లింగుల కాగితం
వాడి అరచేతిలో పెట్టాను.
ఇది పంక్చరుకి.
రెండోది అడగడానికి ఇక రాను, అన్నాను.
మెత్తగా అనలేదు.
తల నిమరలేదు.
వాడి మీద నాకు ప్రేమ పుట్టిందని
ఎవరైనా చెబితే నమ్మకండి.

బస్తా ఎత్తి వెనక పెట్టాడు.
తాడు చుట్టి, ముడి దగ్గర చెయ్యి ఆగింది.
మొదటిసారి నా కళ్లలోకి చూశాడు.
కట్టు, అన్నాను.
వదులుగా కట్టాడు.
గట్టిగా కట్టు, పడిపోతుంది, అన్నాను.

ఆదివారం ఆ మాట సగం పలికాను.
మిగతా సగం గొంతులోనే ఉంది.
ఒబోల్ కళ్లు తెరవలేదు గాని
తర్వాతి మాటకి
ఒక ఊపిరి ఆలస్యంగా వెళ్లాడు.

మంగళవారానికి చక్రం మళ్లీ మెత్తబడింది.
పంపు తీసి కాలికింద తొక్కిపెట్టాను.
ఎన్నిసార్లు అని పేతురు అడిగితే
ఆయన చెప్పిన అంకె చాలా పెద్దది.
ఒకటి, రెండు, మూడు…
పక్కింటి మేక గింజలకేసి రావడంతో
అదిలించబోయి లెక్క తప్పాను.
కొడుతూనే ఉన్నాను.